సోన్‌గఢ్ కొండదారి

"బూట్లేవి?"

రాజలింగం మంచం కింద వంగి చూశాడు. నీళ్ళ డ్రమ్ము వెనక చేయి పెట్టి వెతికాడు. అటక మీద చెద్దర్ల మూటలన్నీ దింపి, ఎవరితోనూ మాట్లాడకుండా మళ్ళీ పైకెక్కించాడు. ఆఖరికి గుమ్మంలో నిలబడి భార్య వైపు తిరిగాడు.

"అడుగు. తమ్ముని బూట్లు యాడ వెట్టిందో అడుగు."

తమ్ముడి భార్యతో ముఖాముఖి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. ప్రసన్న కోడలై రెండేళ్ళయినా రాజలింగం ఆమెతో నేరుగా ఒక్క మాట అని ఎరగడు. ఏది చెప్పాలన్నా భాగీరథి మీదుగానే. వడోద్‌లో గుజరాతీ బట్టల మిల్లువాళ్ళు ఇచ్చిన ఆ ఒక్క గదిలో, మధ్యన ఒక పాత చీర తెరగా కట్టుకుని, ఐదుగురూ అలాగే నెట్టుకొస్తున్నారు.

భాగీరథి రొట్టెల పిండి కలుపుతోంది. తల ఎత్తలేదు.

"ఆమె ఈడనే ఉన్నది. నీ మాట ఇన్నది. నేను మల్ల అడుగుడేంది?"

ప్రసన్న తెర పక్కన నిలబడి ఉంది. మంగళవారం నుంచీ ఆమె సరిగా తినలేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

"అక్కా, బావకు చెప్పు," అంది. "బూట్లు నేనే దాసిన. ఇయ్య."

"ఎందుకియ్యదట?"

"ఎందుకో బావకు ఎరికెనే. మంగళారం ఆయన మిల్లు గేటు కాడ కండ్లు తిరిగి పడ్డప్పుడు ఎత్తుకొచ్చింది బావనే. దవాఖానల డాక్టరు చెప్పినప్పుడు పక్కన నిలవడ్డది బావనే."

రాజలింగం ముఖం గంటు పెట్టుకున్నాడు. "డాక్టరు ఏం జెప్పిండు? గుండె జర పెద్దగున్నదన్నడు. ఉరికెటోల్లకు గుండె పెద్దగనే ఉంటది, అది రోగమైతె కావచ్చు, కాకుంటె కాకపోవచ్చు అన్నడు. వచ్చే వారం మిషిన్ పెట్టి చూస్తమన్నడు. అంతే గదా! ఆదివారం ఒక్కటి ఉరికినంక ఏ మిషిన్ అయినా పెట్టిపియ్యమను. నేనే తోల్కపోత."

"ఆదివారం ఉరికినంక మనిషి ఉండాలె గదక్కా, మిషిన్ పెట్టిపియ్యనీకి."

భాగీరథి చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

అప్పుడే తమ్ముడు కమలాకర్ బకెట్టుతో లోపలికి వచ్చాడు. ఇరవయ్యారేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, చెంపలు లోపలికి పోయి ఉంటాడు. అతను నడుస్తుంటే ఎవరూ తిరిగి చూడరు. పరుగెత్తుతుంటే మాత్రం చూస్తారు. ఏటా చలికాలంలో మిల్లుల మధ్య పెట్టే పరుగు పందెంలో, సోన్‌గఢ్ కోట దగ్గర మొదలై అడవి కొండల్లోంచి వ్యారా ఊరి దాకా పోయే పరుగులో, వరసగా మూడేళ్ళు అతనే మొదట వచ్చాడు. మిల్లు యజమాని సేఠ్ ఆ గెలుపుల ఫోటోలు ఆఫీసులో వరసగా పెట్టించుకున్నాడు. ఈ గది ఇచ్చింది ఆ పరుగుకే. బట్టలు నేసే సాంచలో పడి రాజలింగం కుడిచేతి వేళ్ళు రెండు పోయాక, పనికిరాడని తీసేయకుండా గేటు దగ్గర కూచోబెట్టిందీ ఆ పరుగుకే. ప్లేగు వచ్చిన సంవత్సరం సొంతూళ్ళకు పారిపోయి తిరిగొచ్చిన వాళ్ళలో ఎందరికో పని దొరకలేదు. ఈ అన్నదమ్ములకు దొరికింది.

"బూట్ల కోసం లొల్లి ఎందుకు?" అన్నాడు కమలాకర్ బకెట్టు దించి. "మొదటేడు ఉత్త కాళ్ళతోనే ఉరికిన. గిప్పుడు గూడ ఉరుకుత."

"ఇన్నవా?" అన్నాడు రాజలింగం, భార్యతోనే.

ప్రసన్న తెర పక్కనుంచి ఇవతలికి వచ్చింది. బావ ముందుకు వచ్చి నిలబడింది. కొంగు తల మీంచి జారినా సర్దుకోలేదు.

"బావా, నేను నిన్నే అడుగుతున్న. డాక్టరు ఒక్కటి అడిగిండు. మీ ఇంట్ల ఎవలన్న చిన్న వయసుల, ఏ రోగం లేకుంట, ఉన్నట్టుండి పడి సచ్చిపొయిండ్రా అని అడిగిండు. ఉంటె ఇది ఇంటి రోగమే, అనుమానం లేదన్నడు. ఈయన లేరని చెప్పిండు. ఈయనకేం ఎరిక? మామ పొయిననాడు ఈయన ఊయెలల ఉన్నడు. నువ్వు చెప్పు. మామ ఎట్ల పొయిండు?"

మూలన గోనెపట్టా మీద అన్నదమ్ముల తల్లి, ముసలి లింగవ్వ కూచుని ఉంది. చేటలో బియ్యం ఏరుతున్న ఆమె వేళ్ళు ఒకచోట నిలిచిపోయాయి.

రాజలింగం మరదలి ముఖంలోకి మొదటిసారి చూశాడు. వెంటనే కళ్ళు తిప్పుకున్నాడు.

"పాము కరిచి," అన్నాడు.

చెప్పులు వేసుకుని గబగబా గల్లీలోకి వెళ్ళిపోయాడు.

*

గేటు దగ్గర స్టూలు మీద కూచున్నాడన్న మాటే గానీ రాజలింగానికి ఆ పొద్దు లోపలికి ఎవరు పోయారో, బయటికి ఎవరు వచ్చారో తెలియలేదు. రంగునీళ్ళ ఆవిరి గొట్టాల్లోంచి తెల్లగా లేస్తోంది. బట్టల బేళ్ళ టెంపోలు హారన్లు కొడుతున్నాయి.

మేనేజరు జయంతిభాయి స్కూటరు దిగి, నవ్వుతూ అతని భుజం మీద చేయి వేశాడు.

"రాజూ, భాయ్ తయ్యార్ ఛే నే?"

రాజలింగం లేచి నిలబడ్డాడు. తమ్ముడు తయారే అనడానికి నోరు తెరిచి మళ్ళీ మూశాడు.

"క్యా హువా? పడ్డడని విన్న. నీరసమేనా?" మిల్లు పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న తెలుగులో అడిగాడు.

"సాబ్," అన్నాడు రాజలింగం. "ఈ ఏడు ఒక్కసారికి... వాని బదులు ఇంకెవరినన్న..."

జయంతిభాయి నవ్వు పోలేదు, చేయి మాత్రం భుజం మీంచి తీశాడు. "అరే రాజూ! సేఠ్ ఈసారి బయటి వ్యాపారులను తోల్కొస్తున్నాడు. మా మిల్లు కుర్రాడిని చూడండని అందరికీ చెప్పుకున్నాడు. వడోద్ గదుల సంగతి కూడా నీకు తెలుసు కదా. కొత్త మెషిన్లకు వచ్చేవాళ్ళకి ఇయ్యాలని సగం గదులు ఖాళీ చేయిస్తున్నం. ఎవరిది ఉంచాలె, ఎవరిది తీయాలె అని సేఠ్ నన్నే అడుగుతడు. నేనేం చెప్పాలె?"

అతను బెదిరించలేదు. నిజంగానే అడిగినట్టు అడిగాడు. రాజలింగానికి అదే భరించడం కష్టమైంది.

"తయ్యార్ సాబ్," అన్నాడు. "మా వాడు తయ్యార్."

*

శనివారం పగటి భోజనం కాగానే మిల్లు టెంపో వస్తుంది. పరుగెత్తేవాళ్ళను సోన్‌గఢ్ తీసుకెళ్ళి ధర్మశాలలో పడుకోబెడతారు. రాజలింగం ఏటా తోడు వెళ్తాడు. ఈసారి పొద్దుననే తయారై బయట అరుగు మీద కూచున్నాడు, లోపలికి రాకుండా.

ప్రసన్న పిండిడబ్బా మూత తీసి, అడుగున గుడ్డలో చుట్టి ఉన్న బూట్లు తీసింది. అంటిన పిండి కొంగుతో తుడిచి మొగుడి ముందు పెట్టింది.

కమలాకర్ ఆశ్చర్యంగా చూశాడు. "ఇయ్యనంటివి?"

"ఇయ్యకుంటె ఆగుతవా? ముండ్లల్ల ఉత్త కాళ్ళతోని ఉరుకుతవు. అది ఎక్కువ తక్లీఫ్."

అతను బూట్లు చేతిలోకి తీసుకుని చాలాసేపు తాళ్ళు సర్దుతూ కూచున్నాడు. ఈ ఆడమనిషికి ఏం చెబితే అర్థమవుతుందో అతనికి తెలియలేదు. చెప్పడం కూడా అలవాటు లేదు.

"రూము కోసమే పోతున్న అనుకుంటున్నవా?" అన్నాడు.

"మరి?"

"అన్న రూము కోసం పొమ్మంటడు. నేను రూము కోసం పోను." కొంచెం ఆగాడు. "నువ్వు ఎన్నడు జూడలే ఆ దారి. కోట మీదికెల్లి దిగుతుంటె పాత గోడలు కూలి రాళ్ళు పడి ఉంటయి. రాయి రాయి జూసుకుంట దిగాలె. కింద బజారు. ఇంక పండ్లు తోముకుంట నిలవడి చూస్తరు జనం. బజారు దాటినంక అడవి. అంత టేకుచెట్లు. చలికాలం ఆకు రాలి దారంత పరిచినట్టుంటది. వెదురు గుబుర్ల పక్కన ఆదివాసీలవి ఒక్కొక్క ఇల్లు. ఒక ముసలామె ఏటా ఇప్పచెట్టు కింద నిలవడి, వాళ్ళ భాషల ఏందో అంటది నన్ను జూసి. తిడ్తదో దీవిస్తదో! నా కాళ్ళ చప్పుడు నాకు ఇనవడ్తది ఆడ. నా ఊపిరి నాకు ఇనవడ్తది. మిల్లుల నా మాటనే నాకు ఇనరాదు ప్రసన్నా. ఇక్కడ నేను ఉన్ననా లేనా ఎవలకు ఎరిక?"

"నాకెరిక," అంది ఆమె.

అతను తల దించుకున్నాడు.

"జర గాబరైనా నిలవడిపోత. ఒట్టు."

"నిలవడవు. నువ్వు నిలవడేటోనివైతె నేను బూట్లెందుకు దాస్త?"

బయట టెంపో హారన్ మోగింది. కమలాకర్ లేచాడు. తల్లి దగ్గరికి వెళ్ళి కాళ్ళు మొక్కాడు. లింగవ్వ కొడుకు తల మీద చేయి పెట్టింది. ఎప్పుడూ 'గెలిచి రా బిడ్డా' అనే మనిషి ఈసారి ఏమీ అనలేదు. పెట్టిన చేయి తీయలేదు కూడా. అతనే మెల్లగా ఆ చేతిని పక్కకు తీసి, బయటికి నడిచాడు.

*

సందె వేళకు భాగీరథి గిన్నెలు కడుగుతోంది. ప్రసన్న దీపం దగ్గర ఊరికే కూచుని ఉంది. ముసలామెకు అన్నం పెట్టి చాలాసేపైంది. ముట్టుకోలేదు.

"తిను అత్తా," అంది ప్రసన్న. "సల్లగైతది."

లింగవ్వ కంచం పక్కకు జరిపింది.

"పాము కరవలే," అంది.

మొదట ఇద్దరికీ అర్థం కాలేదు. భాగీరథి చేతిలో గిన్నె అలాగే పట్టుకుని వెనక్కి తిరిగింది.

"మీ మామను పాము కరవలే. నేనే అన్న పాము కరిచిందని." ఆమె గొంతులో ఏడుపు లేదు. ఎప్పుడో ఎండిపోయిన గొంతు అది. "చీరల మూట నెత్తిన వెట్టుకోని అంగడికి పోతుండె. బస్సు ఎల్లిపోతున్నదని ఉరికిండట. గంతే. రోడ్డు మీదనే పడ్డడు. ఒంటి మీద ఒక్క గాయం లేదు. అంతకు ముందు ఆయన చిన్నాయిన గూడ గట్లనే, బాయి కాడ నీళ్ళు తోడుకుంట తోడుకుంట పడ్డడు. ఊరోల్లు అప్పుడే అనవట్టిరి. ఈ ఇంటికి శాపమున్నది, మగోల్లు నిలువరని. ఇద్దరు మగపిల్లలు నాకు. రేపు ఎవలిస్తరు పిల్లను? పాము కరిస్తె ఎవల ఇంట్లనైన కరుస్తది. అందుకని పాము అన్న."

ప్రసన్నకు చెవుల్లో హోరు పుట్టింది.

"బావకు...?"

"రాజడు పక్కనే ఉండె. మూట బరువని బాపు వానికి ఒక సంచి ఇచ్చిండు. ఇద్దరు చెయ్యి పట్టుకోని ఉరికిండ్రు. వానికి నేనే చెప్పిన. ఎవలడిగినా పాము అనమని. చిన్నపోరడు, అన్నడు. గిప్పటి దాక గదే అంటున్నడు."

"మరి నిన్న నేను అడిగినప్పుడు నువ్వెందుకు అనలేదు అత్తా?" ప్రసన్న ముసలామె భుజాలు పట్టుకుంది. పట్టుకున్నదే గానీ ఊపలేకపోయింది. ఆ భుజాల్లో ఎముకలు తప్ప ఏమీ లేవు. "పగటి పూట ఆయన నీ కాళ్ళు మొక్కినప్పుడన్న ఎందుకనలేదు?"

"రాజడు పాము అన్నడు గద బిడ్డా," అంది లింగవ్వ. "పెద్దకొడుకు మాట నేనెట్ల తీసేద్దు?"

ఆ పూటకు అటు పోయే పాసింజరు బండి వెళ్ళిపోయింది. ధర్మశాలకు ఫోను లేదు. ఇద్దరు ఆడవాళ్ళూ చీకట్లోనే గల్లీ చివరి దాకా వెళ్ళి, ఎటు పోవాలో తెలియక తిరిగి వచ్చారు.

తెల్లవారకముందే భాగీరథి ప్రసన్నను ఉధనా స్టేషనులో బండి ఎక్కించింది.

"అత్తను నేను జూస్కుంట. నువ్వు పో. మీ బావతోని నువ్వే మాట్లాడు, మొకం మీద అడుగు. ఇంతకాలం ఆయన మాట నీకు, నీ మాట ఆయనకు మోసిన. ఇగ నాతోని గాదు."

బండి కదిలాక కూడా భాగీరథి కిటికీ చువ్వ పట్టుకుని నాలుగడుగులు నడిచింది. మరేదో అంది. చప్పుడులో వినబడలేదు.

*

సోన్‌గఢ్‌లో దిగేసరికి ఎండ వచ్చింది. కొండ మీద కోటగోడ కనబడుతోంది. ప్రసన్న ఎవరినీ దారి అడగలేదు. జనం పోతున్న వైపు పోయింది. కొండ కింద మైదానంలో మిల్లుల పేర్లున్న గుడ్డలు కట్టారు. కుర్చీల్లో సేఠ్‌లు టీ తాగుతున్నారు. వాళ్ళు రావడం ఆలస్యమై పరుగు కూడా ఆలస్యంగానే మొదలైందట. అయినా మొదలైపోయింది. కోట మీంచి దిగిన పరుగెత్తేవాళ్ళు బజారు దాటి అడవిలోకి పోయారని ఎవరో హిందీలో చెప్పారు.

రాజలింగం మిల్లు జీపు పక్కన నీళ్ళ క్యాను ఎత్తి పెడుతున్నాడు. మరదలిని చూసి క్యాను కింద పెట్టాడు.

"అవ్వకు ఏమన్న అయిందా?" అన్నాడు, గాభరాలో నేరుగానే.

"మామను పాము కరవలేదట."

అతను వంగి మళ్ళీ క్యాను అందుకోబోయాడు.

"బావా, మామను పాము కరవలేదట. అత్త చెప్పింది."

చుట్టూ జనం. సేఠ్‌ల నవ్వులు. మైకులో ఎవరో గుజరాతీలో పేర్లు చదువుతున్నారు. రాజలింగం రెండు వేళ్ళు లేని చేతిని జీపు తలుపు మీద ఆనించి నిలబడ్డాడు.

"నువ్వు కండ్లార జూసినవట. డాక్టరు అడిగిననాడు నీకు యాదికి రాలేదా బావా?"

"వచ్చింది," అన్నాడు.

జీపు డ్రైవరును లేపి, "చలో, జల్దీ," అన్నాడు. ప్రసన్న వెనక నీళ్ళ క్యాన్ల మధ్య ఎక్కి కూచుంది.

జీపుదారి వేరు, పరుగుదారి వేరు. కాలిబాట కొండల మీదుగా పోతుంది. బండ్లబాట కింద చుట్టి వెళ్ళి వాగు దాటాక దాన్ని కలుస్తుంది. దారంతా రాజలింగం ముందు సీట్లో ఒంగి కూచుని కొండ వైపే చూస్తున్నాడు. చెట్ల సందుల్లో తెల్లగా ఏది కదిలినా ఉలిక్కిపడ్డాడు.

వాగు దగ్గర జీపు ఆగిపోయింది. చెరకు బండి ఒకటి నీళ్ళలో అడ్డంగా దిగబడి ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు. రాజలింగం ఆగలేదు. జీపు దూకి, మోకాలి లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ అవతలి గట్టు ఎక్కాడు.

*

బాట మలుపులో రాజలింగం టేకుమాను పట్టుకుని నిలబడ్డాడు. రొప్పు ఆగడం లేదు. అప్పుడు కమలాకర్ కనబడ్డాడు.

ఒక్కడే వస్తున్నాడు. వెనక చాలా దూరం దాకా ఎవరూ లేరు. వాలులో ఎండుటాకుల మీద పరుగెత్తుతున్నాడు. ముఖంలో కష్టం లేదు. చిన్నప్పుడు ఊళ్ళో నిద్రపోతున్నప్పుడు ఎలా ఉండేవాడో అలా ఉన్నాడు. ఆ ముఖాన్ని ఆపడమెట్లా?

"తమ్మీ! ఆగు!"

కమలాకర్ నీళ్ళ కోసమనుకుని చేయి చాచాడు. అన్న చేతిలో నీళ్ళు లేవు.

"ఆగురా! బాపును పాము కరవలే!"

కమలాకర్ కాళ్ళు ఇంకా కదులుతున్నాయి. నాలుగడుగులు ముందుకు పోయి, వెనక్కి తిరిగాడు.

"ఏందన్నా?"

"బాపును పాము కరవలేరా. బస్సు కోసం ఉరికిండు. నా చెయ్యి పట్టుకోని ఉరికిండు. చెయ్యి ఇడిసిండు. ఎందుకిడిసిండని ఎనుకకు జూసిన..." రాజలింగం ఒక అడుగు ముందుకు వేశాడు. "డాక్టరు అడిగింది గదే రోగం. ఉరకకు. నీ కాళ్ళు మొక్కుత, ఉరకకు."

కమలాకర్ నిలబడిపోయాడు. ఛాతీ పైకి కిందికి పోతోంది. చెమట కనురెప్పల మీంచి కారుతున్నా తుడుచుకోలేదు.

"నీకు మంగళారమే ఎరికె," అన్నాడు నెమ్మదిగా.

రాజలింగం తల వంచుకున్నాడు.

"డాక్టరు నన్ను అడిగినప్పుడు నువ్వు నా పక్కన ఉన్నవు. నేను లేరని చెప్తుంటె ఇన్నవు."

"మూడేండ్లు ఏం గాలే గదా అనుకున్నరా. ఇంకొక్కసారికి ఏమైతదిలే అనుకున్న. రూము పోతె అవ్వను పట్టుకోని యాడికి పోదుం అనుకున్న. రాత్రంత చెప్దామనే అనుకున్న. నువ్వు పండుకున్నవు. లేపుదామని చెయ్యి గూడ వెట్టిన నీ మీద."

వెనక ఆకుల చప్పుడు. ఉధనా మిల్లు కుర్రాడొకడు రొప్పుకుంటూ వచ్చి, బాట మధ్యలో నిలబడ్డ ఇద్దరినీ వింతగా చూసి, పక్కనుంచి దాటుకుని దిగిపోయాడు. కమలాకర్ అతన్ని చూడను కూడా లేదు.

"నేను గెలిచిననాడు నన్ను పట్టుకోని ఏడ్సినవు గదనే," అన్నాడు. "మొదటేడు. మా అన్నకు నేనంటె ఎంత పానం అనుకున్న."

"అది అబద్ధం గాదురా."

కమలాకర్ మిల్లు పేరు అచ్చువేసిన బనీను తల మీంచి లాగి విప్పాడు. చెమటకు తడిసిన ఆ బనీను అన్న చేతిలో పెట్టాడు. కోపంగా విసిరికొట్టి ఉంటే రాజలింగానికి కొంత నయంగా ఉండేది. అతను మెల్లగా, ఎవరి వస్తువు వాళ్ళకిచ్చినట్టు ఇచ్చాడు.

"తమ్మీ, జీపున్నది కింద. ప్రసన్న వచ్చింది. పోదాం రా. దవాఖానకు పోదాం."

ప్రసన్న పేరు వినగానే కమలాకర్ కళ్ళు ఒక్కసారి వాగు వైపు తిరిగాయి. వస్తాడనే అనుకున్నాడు రాజలింగం. చేయి చాచాడు.

కమలాకర్ అటు వ్యారా బాట పట్టలేదు. ఇటు వాగు వైపూ రాలేదు. వెదురు గుబురు పక్కనుంచి అడవి లోపలికి పోయే సన్నని కాలిదారి ఒకటుంది, కట్టెలకు పోయేవాళ్ళు నడిచే దారి. అందులోకి తిరిగాడు. ఒట్టి వీపు ఎండలో ఒకసారి మెరిసింది. వెదురు అడ్డం వచ్చింది.

"తమ్మీ!"

రాజలింగం వెంట పోవాలనుకున్నాడు. కానీ చేతిలో తడిబనీనుతో అక్కడే నిలబడ్డాడు.

ప్రసన్న గట్టు ఎక్కి వచ్చేసరికి చీర కుచ్చిళ్ళు నీళ్ళోడుతున్నాయి. ఒక కాలికి చెప్పు లేదు. ముందు బావను చూసింది. తరువాత బనీను చూసింది. బాట మీద పైకీ కిందికీ చూసింది.

"ఏడి?"

రాజలింగం వెదురు వైపు చేయి చూపించాడు.

"చెప్పినవా?"

"చెప్పిన."

ఆమె కాలిదారి మొదట్లోకి వెళ్ళి లోపలికి తొంగి చూసింది. చెట్లు, నీడలు తప్ప ఏమీ కనబడలేదు. వెనక్కి తిరిగింది.

"బావా, నడుసుకుంట పొయిండా, ఉరుక్కుంట పొయిండా?"

అతనికి తెలియదు. వెదురు దాకా తమ్ముడు నడిచే పోయాడు. ఆ తరువాత కనబడలేదు. రాజలింగం మాట్లాడొద్దన్నట్టు చేయి ఎత్తాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు.

అడవి లోపల, దూరంగా, ఎండిన టేకు ఆకులు విరుగుతున్నాయి. ఆగకుండా, వెంటవెంటనే విరుగుతున్నాయి. నడిచే మనిషి కాళ్ళ కింద ఆకులు అట్లా విరగవు.